ఒంటిగంట మోత

ఒంటిగంటకు మీటింగ్ వద్దని
మొదటి వారమే మొత్తుకున్నాను.
చీమకుర్తిలో ఆ వేళకి క్వారీలో మందు పేలుస్తారు.
కిటికీ రెక్కలు, గూట్లో స్టీలు గ్లాసులు,
నా నోట్లో సగం మాట
అన్నీ ఒక్కసారే అదురుతాయి.
వినలేదు. భటిండాలో హర్‌పాల్‌కి అదొక్కటే తీరిక.

అట్టా మా రోజుకి ఆ మోతే గుర్తయింది.
ఇడుక్కిలో జిజో అది విని టీ పెట్టుకునేవాడు.
ఇంఫాల్‌లో ఇబోమ్చా మాత్రం ఏమీ అనేవాడు కాదు.
కెమెరా నల్లగా. మైకు మూసి.
ఉన్నాడో లేడో అతని పేరుకే తెలియాలి.

మా పని ఆసుపత్రి బిల్లుల్లో తప్పులు పట్టడం.
ఎవరిదో కిడ్నీ, ఎవరిదో కాన్పు,
ఒకే సూదికి రెండుసార్లు వేసిన రేటు.
నలుగురం నాలుగు మూలల్నించి ఒక కాగితం మీద వంగుతాం,
తలలు మాత్రం తగలవు.

ఆషాఢంలో ఒక ఫైలు మధ్యలో జారిపోయింది.
నువ్వు చూశావనుకున్నా, అన్నాడు జిజో.
నువ్వు చూశావనుకున్నా, అన్నాడు హర్‌పాల్.
నేను ఇబోమ్చా చూశాడనుకున్నా.
'అనుకున్నా' ఎంత బరువో
కంపెనీ జీతంలో కోసినప్పుడు తెలిసింది.
ముగ్గురం కలిసి తప్పు అతని మీదికే నెట్టాం.
మాట్లాడనివాడి మీదికి నెట్టడం సులువు.

ఆ సాయంత్రం క్వారీ గట్టు మీదికి పోయా.
పక్కింటి మీరావలి మామ అక్కడ క్రేనుకి సిగ్నల్ మేస్త్రీ.
నోట్లో విజిలు, చేతిలో ఎర్ర గుడ్డ.
పైన క్రేనులో ఉన్నోడికి గుంట కనపడదు.
గుంటలో రాయికి గొలుసు కట్టేవోడికి క్రేను కనపడదు.
ఇద్దరికీ ఈయనొక్కడే కనపడతాడు.
విజిలేశాడు. ఆగాడు.
ఎందుకాగావు మామా, అన్నా.
"కిందనించి కేక రావాల గదమ్మే.
నేను చెప్పాననుకుంటే సాలదు,
వాడికి అందిందని వాడు చెప్పాల.
అది రాకుండా తాడు లాగితే
ఇల్లు మునుగుద్ది. నాది గాదు, వాడిది."

మర్నాడు మా గుంపులో ఒక్క మాట పెట్టాను.
తెలుగులోనే పెట్టాను, వేరేది తోచక: అందింది.
జిజో దాన్ని అందిండి అని రాస్తాడు.
హర్‌పాల్ పలికితే మాట మీద సుత్తి పడినట్టుంటుంది.
ఇబోమ్చా తప్పు లేకుండా రాస్తాడు,
ఫైలు ముట్టిన నిమిషంలోనే.
అతనికి నెట్ రోజుకి రెండు మూడు గంటలేనట.
అప్పుడడిగితే చెప్పాడు.
ఏడాదిగా ఎవరూ అడగలేదట.

కార్తీకంలో ఒక మంగళవారం.
ఒంటిగంట దాటింది. పది నిమిషాలు దాటింది.
నేను లెక్కల్లో పడి గమనించలా.
నల్ల చదరంలోంచి ఒక గొంతు,
అంత లేతగా ఉంటుందనుకోలేదు:
"ఏస్తేరక్కా, మీ రాయి ఇవాళ పేలలేదేం?"

కిటికీ తీశా.
లారీలు దారి పొడుగూతా ఆగి ఉన్నాయి.
డ్రైవర్లు దిగి అందరూ ఒకే వైపు చూస్తున్నారు.
హెడ్‌సెట్ కుర్చీలో పడేసి
చెప్పుల్లేకుండా పరిగెత్తా.

విజిలు సరిగానే పడింది.
కేకా సరిగానే వచ్చింది.
గొలుసే మాట తప్పింది.
బాలకోటయ్యని దుప్పట్లో పైకి తెచ్చారు.
కాలు కాలులా లేదు.
మీరావలి మామ గట్టు మీద కూలబడి
విజిలు పళ్ళ మధ్య అట్టాగే పట్టుకోనున్నాడు.
ఊపిరి వదిలినప్పుడల్లా అది సన్నగా కూస్తోంది.

చీకటిపడ్డాక ఇంటికొచ్చి తెర తెరిచా.
నా వాటా పదహారు ఫైళ్ళు.
నేనెవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు.
పదహారింటి పక్కనా ఒకటే మాట,
కొన్నింటి పక్కన అందిండి.

మూడో రోజు ఒంటిగంటకు కిటికీ అదిరింది.
ముగ్గురూ మైకులు తెరిచే ఉంచారు.
ఎవరూ ఏమీ అనలేదు.

బాలకోటయ్యకి బీమా కట్టారా అని
క్వారీ ఆఫీసుకి రాసి పంపాను.
ఇంకా కేక రాలేదు.